తోరణం కింద మనిషి

నా రూమ్‌మేట్ శవం ఊరికి చేరిన నాలుగో రోజున అతని భార్య కడప నుంచి ఫోన్ చేసింది. "అన్నా, ఆయప్ప ఫొటో ఒగటి మంచిది పంపించన్నా. నువ్వు శానా తీసినావంట గదా," అంది. పంపిస్తానమ్మా అన్నాను.

నిజంగానే చాలా తీశాను. ఇక్కడ గల్ఫ్‌లో, ఘాలా అనే చోట మా ఇద్దరిదీ ఒకే రూమ్. నేను స్టోర్ కీపర్ని, అతను కంపెనీ పికప్ డ్రైవరు. నాకు ఫొటోల పిచ్చి. గాలి తొలిచేసి, మధ్యలో బెజ్జం పడి తోరణాల్లా నిలిచిన ఇసుకరాళ్ల కోసం సెలవు కాబట్టి శుక్రవారాలు ఇద్దరం ఎడారిలోకి వెళ్లేవాళ్లం. మొదటిదాన్ని చూసి అతను, "తిరుమల కొండ మీద శిలాతోరణం మాదిరే ఉండాదే! దీనికి మొక్కేవాళ్లు గూడా లేరు, పాపం," అన్నాడు.

రాయి ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన మనిషి ఉండాలి. అందుకని అతన్ని దాని కింద నిలబడమనేవాణ్ని. ఇసుక కాలుతున్నా వెళ్లేవాడు. "ఇటు చూడకు, రాయి వైపు చూడు," అని దూరం నుంచి అరిచేవాణ్ని. ఒకసారి మాత్రం, "నా మొగం గూడా ఒగటి తియ్యప్పా, ఇంటికి పంపిస్తా," అన్నాడు. ఎండ ముదిరిపోతోంది, వచ్చే వారం తీస్తానన్నాను. తర్వాత నేను మరిచిపోయాను, అతను మళ్లీ అడగలేదు.

ఇబ్రా సైట్‌లో సామాను దించుతూ ఒక మధ్యాహ్నం కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేసరికే గుండె ఆగిపోయిందన్నారు.

ఆమె ఫోన్ చేసిన సాయంత్రం ఫొటోలన్నీ తెరిచాను. ఆకాశం, రాయి, నీడ అన్నీ చక్కగా కుదిరాయి. అతను మాత్రం అడుగున గోరంత. పెద్దది చేస్తే ముఖం చెదిరి చుక్కలు చుక్కలైపోతోంది. నా మీద నాకే అసహ్యం వేసింది. రెండేళ్లు ఒక మనిషిని కొలబద్దలా వాడుకున్నాను.

ఉన్నవాటిలో కాస్త దగ్గరగా ఉన్నది పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది.

"ఇదేందన్నా, అంతా రాయే ఉండాది. ఆయప్ప యాడ?"

"కింద, ఎడమ పక్కన చూడమ్మా."

"ఆ... ఒగ బుజం వంచి నిలబడుకోనుండాడు. ఆయప్పే," అంది. తర్వాత మెల్లగా అడిగింది. "మొగం కనపడేది ఏదీ లేదా అన్నా?"

లేదమ్మా అన్నాను.

చివరికి బతాకా మీద, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు మీద ఉన్న ఫొటోనే పెద్దది చేయించి పటం కట్టించుకున్నారట. అందులో అతను బిగుసుకుపోయి, ఎవరో కసిరినట్టు ఉంటాడు. నేనిప్పుడు శుక్రవారాలు రూమ్‌లోనే పడుకుంటున్నాను.