మేడ్చల్ మీదుగా కాశీకి

మా ఆయన లారీ నడిపేవాడు. బోయిన్‌పల్లి మార్కెట్లో సరుకెక్కించుకుని కాశీ దాకా పోయేవాడు. పన్నెండు వందల కిలోమీటర్ల పైమాటే, మూడు రోజుల దారి అనేవాడు. బండి ఆపిన చోటల్లా నాకు ఫోన్ చేసేవాడు. "నిర్మల్ల చాయ్ తాగుతున్న." "నాగ్‌పూర్ దాటిన, ఇగ పండుకో." నాకు చదువు రాదు. ఆ దారి ఎన్నడూ చూడనూ లేదు. విని విని నాకు మొత్తం వచ్చేసింది.

పోయిన చలికాలం గుండె ఆగి చనిపోయాడు. అస్థికలు కాశీలో కలపాలని ఆయనే అనేవాడు. నేను రైల్లో పోదామన్నాను.

"రైలుకు ఒక దినం దాటుతదమ్మా. నీ మోకాళ్లకు తక్లీఫ్. విమానంల రెండు గంటలే," అంది మా బిడ్డ.

"రెండు గంటలల్ల మీ నాయినకు దారి ఎట్ల చెప్తనే?"

మా ఇళ్లలో అస్థికలు తీసుకుపోతూ చచ్చిపోయిన మనిషికి దారి చెప్పాలి. చెప్పకుంటే వెనకబడి ఎక్కడో ఆగిపోతారని మా అత్త అనేది. బిడ్డ వినలేదు, టికెట్లు తీసేసింది.

కాశీ దారి మేడ్చల్ వైపు. టాక్సీ వాడేమో ఉల్టా శంషాబాద్ వైపు పోనిచ్చాడు. అస్థికల ముంతను ఒళ్లో పట్టుకుని, "పరేషాన్ గాకు, విమానం గిటే ఉందంట," అని ఆయనకు చెప్పాను. డ్రైవర్ అద్దంలోంచి నన్నే చూశాడు.

విమానం లేచింది. కిటికీలోంచి చూస్తే అంతా తెల్లగా ఉంది.

"కింద ఏ ఊరే?"

"మబ్బులమ్మా. ఊరేం కనిపిస్తది?"

ఇక నాకు వచ్చిన దారే చెప్పాలనుకున్నాను. బోయిన్‌పల్లి నుంచి షురూ చేశాను. మేడ్చల్ దాటినం. కామారెడ్డి వచ్చింది. నిర్మల్లో ఆపాను, చాయ్ తాగనిచ్చాను. కొండల ఘాట్ ఎక్కేటప్పుడు మెల్లగా పొమ్మన్నాను, అక్కడే ఒకసారి టైరు పగిలి వానలో రాత్రంతా కూర్చున్నాడు. లారీ ఎంత మెల్లగా పోయేదో నేనూ అంత మెల్లగానే చెప్పాను. ఉరికిస్తే ఆయన రాలేడు.

"జెర మెల్లగ మాట్లాడమ్మా, అందరు చూస్తున్నరు."

"చూడనీ. వాళ్ల మొగుడా?"

బిడ్డ నవ్వబోయి ఏడ్చింది.

ఆదిలాబాద్ దాటామో లేదో, ఏదో గంట మోగింది. బెల్టు పెట్టుకోండి, దిగుతున్నాం అన్నారు. నేనింకా నాగ్‌పూరైనా చేరలేదు.

టాక్సీలో చెబుతూనే ఉన్నాను. గంగ ఘాట్ మెట్లు దిగుతూ చెబుతూనే ఉన్నాను. పడవలో పంతులు తొందర చేశాడు. గట్టున ఇంకెవరో ముంతతో నిలబడి ఉన్నారట.

"మాతాజీ, ఛోడ్ దీజియే."

"ఇడువమంటుండమ్మా," అంది బిడ్డ.

"జబల్‌పూర్ల ఉన్నడే. రీవా ఒక్కటి దాటనీ."

బిడ్డ నా చేతుల మీద చేతులు వేసి ముంత వంచింది. పంతులు మంత్రం చదివాడు. బూడిద నీళ్ల మీద కాసేపు తేలి, పడవ కిందికి పోయింది.

ఆ మిగిలిన దారి ఇప్పటికీ చెబుతూనే ఉంటాను. వింటున్నాడో లేదో ఎట్లా తెలుస్తుంది? ఫోన్ చేసి "చేరిన" అనేది ఆయనే కదా.