మొలతాడు కోసిన రోజు

మా ఆయన రాయపూర్ లోకో షెడ్డులో బాయిలర్లు బాగుచేసేవాడు. స్వరాజ్యం వచ్చిన కొత్తలో ఆయనకి ఒంటేలు ఆగిపోవడం మొదలైంది. రైల్వే డిస్పెన్సరీలో రబ్బరు గొట్టం పెట్టి తీసేవారు. కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ ఆగిపోయేది. చివరికి గొట్టం కూడా దూరలేదు. పొట్ట కుండలా ఉబ్బింది. ఊళ్ళో పెద్దాసుపత్రికి తీసుకుపోతే, మూత్రసంచి మొదట్లో గడ్డ పెరిగింది, పొట్ట కోసి తియ్యాలి, కొయ్యకపోతే బతకడు అన్నాడు డాక్టరు. కోస్తే బతుకుతాడా అని అడిగాను. కాగితం ముందుకి తోసి వేలిముద్ర వెయ్యమన్నాడు.

ఆయన్ని లోపలికి తీసుకుపోయాక నేనూ మా వదినా వరండాలో కూచున్నాం. వదినంటే ఆయన అక్క. తమ్ముడి ఆపరేషన్ అని విజయనగరం పక్క పల్లె నుంచి రైలెక్కి వచ్చింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. వార్డులో పనిచేసే ఇక్కడి మనిషి ఒకడు బయటికొచ్చి, "ధర లే, దాయీ" అన్నాడు. పట్టుకోమ్మా అని. ఒక గుడ్డమూట నా ఒళ్ళో పడేసి లోపలికి పోయాడు. మూట విప్పాను. ఆయన పంచె. పంచె మడతలో ఆయన మొలతాడు, కత్తెరతో కోసేసి ఉంది.

మాలో మగపిల్లాడికి మొలతాడు కట్టారంటే ఇక జన్మంతా ఉండాల్సిందే. నలిగిపోతే కొత్తది కట్టుకున్నాకే పాతది తెంపుతారు. మొల ఖాళీగా ఉండేది శవానికే. ఇది వదినకీ తెలుసు, నాకూ తెలుసు. ఏడుపు రాలేదు. ఆ తాడుకి ఇంకా చెమట తడి ఉంది, దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"ఓలె, ఏటే ఇది. మొలతాడు కోసీసినారేటే. నా తమ్ముడు ఎలిపోనాడే" అని వదిన నేల మీద కూలబడి శోకాలు పెట్టింది. అప్పుడే మాకు అన్నం కేరేజీ పట్టుకుని రైల్వే కోటర్ల వాళ్ళు వచ్చారు. కేరేజీ గోడవార పెట్టి వాళ్ళూ అందుకున్నారు. షెడ్డులో ఆయనతో పనిచేసే ఒకాయన తుండుతో కళ్ళు తుడుచుకుని, "ఏడుస్తూ కూకుంటే పనవదు. చీకటి పడకముందే అయిపోవాల. నాను పాడెకి ఎదురుబొంగులు సూసొస్తాను" అని సైకిలెక్కి బజారుకి పోయాడు.

ఈ గోలకి డాక్టరు రక్తపు బట్టలతోనే బయటికొచ్చాడు. "కౌన్ మరా?" అన్నాడు. ఎవరు చచ్చారని మమ్మల్నే అడుగుతున్నాడు. వదిన తాడు ఎత్తి చూపించింది. డాక్టరు తన వెనకే వచ్చిన వార్డు మనిషి వైపు చూశాడు. వాడు తెల్లబోయాడు. కత్తి పెట్టేచోట ముడి అడ్డమొచ్చింది, కోసి ఇంటివాళ్ళకిచ్చాను, తప్పేముంది అన్నాడు. డాక్టరు లోపలికెళ్ళి ఒక గిన్నె తెచ్చి మా ముందు పెట్టాడు. అందులో బత్తాయంత మాంసపు ముద్ద. "జిందా హై" అన్నాడు, బతికే ఉన్నాడని.

వదిన ఏడుపు మింగి గిన్నెలోకి వంగి చూసింది. "ఓలమ్మ, ఇంతది ఎట్టుకుని ఆడు డూటీకెలా ఎల్లినాడే" అంది.

బొంగులు కొనొద్దని చెప్పడానికి ఇంకో మనిషి పరిగెత్తాడు. నాకు మాత్రం బతికాడన్న మాట ఇంకా బుర్రకెక్కలేదు.

వార్డులో చూస్తే పొట్టలోంచి ఒక గొట్టం, కిందనుంచి ఒక గొట్టం. మంచం కింద సీసా నిండా ఎర్రటి నీళ్ళు. మనిషికి ఇలా కన్నాలు పెట్టి బతికిస్తారా అనుకున్నాను. గొట్టంలో ధార ఆగితే పిలవమంది నర్సు. నేను ఆ గొట్టం మీంచి చూపు తిప్పలేదు. నీళ్ళు తాగితే పుండు చీము పడుతుందని వదిన ముంత దాచేసింది. మర్నాడు మధ్యాహ్నానికి ధార ఆగింది, ఆయన మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగాడు. నర్సు పిచికారీతో నీళ్ళు కొట్టి కార్జం ముక్కల్లాంటి నెత్తుటి గడ్డలు బయటికి లాగింది. ముంత సంగతి తెలిసి వదినని హిందీలో దులిపేసింది. "అదేటంటందే?" అంది వదిన. "నీళ్ళు పొయ్యమంటంది, వదినా" అన్నాను.

పక్క మంచం మీద ఆరంగ్ వైపు రైతు. అతనికీ అదే ఆపరేషన్. ఒకరోజు మా ఆయనతో ఎడ్ల సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూ పాలిపోయాడు. అతని పక్కబట్టలన్నీ రక్తం. సాయంత్రానికి ఆ మంచం కడిగేశారు. మా ఆయన ఆ వైపు తిరగడం మానేశాడు. ఇక ఈయనది కూడా ఇంతేనా అన్న భయంతో నేను ఆయన ముఖం చూడడం మానేశాను.

గొట్టాలు తీసేశాక కొత్త బెంగ పట్టుకుంది. ఒంటేలు పొట్ట కోతలోంచి కారేది. పట్టీ మారుస్తుంటే మళ్ళీ తడిసేది. కొందరికి ఆ కన్నం పూడదు, జన్మంతా ఇలాగే అన్నాడు డాక్టరు. అది విని ఆయన, "అలాగైతే ఆ కోసినప్పుడే పోయినా బాగుండును గదా" అన్నాడు. నేను పట్టీలు ఉతుకుతూనే ఉన్నాను. తడి రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది.

ఒక పొద్దున్న ఆయన నన్ను పిలిచి, "సీసా ఇలాగియ్యి" అన్నాడు. ఇచ్చాను. సన్నగా చప్పుడయింది.

"ఏటండీ, వస్తందా?"

"వస్తంది. నువ్వటు తిరుగు."

నేను తిరగలేదు. పట్టీ మీద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. ఆ సీసా పట్టుకుని నర్సుకి చూపించడానికి పరిగెత్తుతుంటే సగం నేల మీద ఒలికిపోయింది. నర్సు తిట్టింది. నేను అక్కడే నిలబడి తిట్టించుకున్నాను.