కొలత తర్వాత కొసరు

మా ఆస్పత్రి వంటింట్లో ఇరవై రెండేళ్ళుగా గరిటె పట్టిన మనిషిని అందరూ కొసరమ్మ అంటారు. హాజరు పట్టీలో వేరే పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. వడ్డించాల్సిందంతా వడ్డించాక గరిటె అంచుతో ఇంకాస్త వెయ్యకపోతే ఆవిడ చెయ్యి వెనక్కి రాదు. వాళ్ళ నాన్నకి కిరాణా కొట్టు ఉండేదట. ఏ సరుకైనా తూచి పొట్లం కట్టే ముందు పిడికెడు పైన వేసేవాడట. చిన్నప్పటి నుంచి అది చూస్తూ పెరిగిన పిల్ల కాబట్టి కొసరు లేని కొలత అంటే ఆవిడ దృష్టిలో సగంలో ఆగిపోయిన పని.

వంటింట్లోకి ఆవిడ రాక కూడా అలాంటిదే. అత్తగారు కడుపులో పుండుతో ఆస్పత్రిలో చేరితే తోడుగా వచ్చింది. మూడోరోజు వడ్డించే మనిషి రాలేదు. వార్డులో పాతికమంది ఖాళీ పళ్ళేలు పెట్టుకుని తలుపు వంక చూస్తున్నారు. ఈవిడ చీరకొంగు బిగించి గరిటె అందుకుంది. అత్తగారు కోలుకుని ఇంటికెళ్ళిపోయింది, కోడలు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. "నన్ను చూసుకోవడానికొచ్చి ఊరందరినీ చూసుకుంటోంది మహాతల్లి" అని ఆ ముసలావిడ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. భర్త సిటీ బస్సు డ్రైవరు. రోజుకో కొసరు చొప్పున పాతికేళ్ళలో ఎంతవుతుందో ఆయన పొట్ట చూస్తే తెలిసిపోతుంది.

నేను అదే ఆస్పత్రిలో డైటీషియన్ని. ఎవరేం తినాలో, ఎంత తినాలో రాసిపెట్టడం నా పని. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. కొసరమ్మకి నేనంటే భయం లేదు గానీ నా తూకం యంత్రం అంటే మాత్రం భలే గౌరవం. పొద్దున్నే దాన్ని తడిగుడ్డతో తుడిచి, ఆరాక గానీ తపేలాల మూతలు తెరిచేది కాదు.

ఆ యంత్రం వంటింట్లోకి ఎందుకొచ్చిందో చెప్పాలి. ఒకప్పుడు పేగు ఆపరేషన్ అయిన మనిషికి రోజుల తరబడి నోటికేమీ ఇచ్చేవారు కాదు. పెద్ద డాక్టర్లు రౌండ్లకొచ్చి, ఎంత పెద్దమనిషినైనా మొహమాటం లేకుండా "గాలి పోయిందా?" అని అడిగేవారు. పోతే పేగు కదిలినట్టు, అప్పుడే నోటికి నీళ్ళు. ఇప్పుడా పద్ధతి మారింది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే కొద్దికొద్దిగా మొదలుపెట్టచ్చనీ, కడుపు మాడ్చి పడుకోబెడితే కండ కరిగిపోతుందనీ పరిశోధనలు తేల్చాయి. అయితే ఎలా పెడితే మేలు? మూడుపూటలా మామూలుగానా? లేక మాంసకృత్తుల పొడి కలిపి, ఆరుసార్లు చిన్నచిన్న గిన్నెల్లోనా? మా కడుపు జబ్బుల డాక్టరమ్మ ఈ సంగతి తేల్చడానికి రోగుల్ని రెండు గుంపులు చేసింది. ఎవరు ఏ గుంపో కంప్యూటరే చీటీ తీస్తుంది. ఎవరెంత తిన్నారో గ్రాములతో సహా రాసే బాధ్యత నాది.

పద్ధతి ఇదీ. రోగి గిన్నె తూకం మీద పెట్టాలి. కొసరమ్మ జావ పొయ్యాలి. నేను అంకె రాసుకోవాలి. మూత పెట్టి బండి ఎక్కించాలి. పరిశోధనలో లేని రోగుల కోసం మామూలు జావ తపేలా కూడా కొసరమ్మ తోసుకెళ్ళే అదే బండి మీద వార్డుకి వెళ్ళేది. గిన్నెలు తిరిగొచ్చాక మిగిలినది తూచాలి. పంపినదాంట్లోంచి మిగిలింది తీసేస్తే తిన్నది వస్తుంది. ఇంతకంటే తేలికైన లెక్క లోకంలో ఉండదని ధీమాగా ఉన్నాను.

ఏడు నెలలు గడిచాయి. నలభై మంది పూర్తయ్యారు. నలభై ఒకటో మనిషి తొమ్మిదో నంబరు మంచం మీది లెక్కల మాస్టారు. పదవీ విరమణ చేసి పదేళ్ళయింది. పేగులో ఒక ముక్క తీసేశారు. కుట్టు బాగానే ఉంది, లోపలా అంతా బాగానే ఉంది. మనిషి మాత్రం గిన్నె చూస్తే చాలు, గోడవైపు తిరిగిపోయేవాడు. తింటే మళ్ళీ ఆ నొప్పి వస్తుందని భయం.

రెండోరోజు మధ్యాహ్నం ఆయన గిన్నె తిరిగొచ్చింది. పంపింది రెండు వందల ఇరవై గ్రాములు. తిరిగొచ్చింది రెండు వందల నలభై ఎనిమిది. కంప్యూటర్లో కొట్టగానే గడి ఎర్రబడింది. తిన్నది మైనస్ ఇరవై ఎనిమిది గ్రాములు. అన్నం తినకుండా అలిగేవాళ్ళని చూశాను గానీ, అలిగి ఎదురు జావ పోసిచ్చేవాళ్ళని చూడలేదు. యంత్రం చెడిందేమోనని తూకపు రాళ్ళు పెట్టి చూశాను. భేషుగ్గా ఉంది. నీళ్ళేమైనా పడ్డాయా అని గిన్నె వంచి చూశాను. చిక్కటి జావే.

"అక్కా, తొమ్మిదో నంబరు గిన్నెలో ఎవరైనా ఏమైనా పోశారా?" అని అరిచాను.

"నేనే పోశాను మేడమ్‌గారూ" అంది కొసరమ్మ, గరిటె కడుగుతూ. "మంచం దగ్గర. పెద్దాయన మొహం తిప్పేసుకుంటేనూ, తపేలాలోంచి కాస్త కొసరు వేశాను."

"తూచాక ఎలా పోస్తారండీ?"

"తూచాకే కదండీ కొసరు వేసేది? తూకంలో కలిపేస్తే అది కొసరెలా అవుతుంది?"

ఏడు నెలలుగా ఈవిడ నా నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. యంత్రం మీద ఒక్క గ్రాము ఎక్కువ పొయ్యలేదు. ఆ తర్వాతిది నా పరిధి కాదనుకుంది, అంతే. ఇన్నాళ్ళూ ఎంతో కొంత తిన్నవాళ్ళ లెక్కలో ఆ కొసరు దాక్కుని కూర్చుంది. మాస్టారు అసలేమీ తినకపోవడం వల్ల బయటపడింది.

డాక్టరమ్మ గదిలో ముగ్గురం చేరాం. కొసరమ్మ కూర్చోలేదు, నిలబడింది.

"అందరికీ వేశారా, కొందరికేనా?" అని అడిగింది డాక్టరమ్మ.

అందరికీ సమానంగా వేసి ఉంటే ఏదో ఒకలా సర్దుకోవచ్చు. నేను సిగ్గు విడిచి "అందరికీ వేసుంటారు కదక్కా?" అని జవాబు అందించాను కూడా. ఆవిడ తల ఊపేస్తే సరిపోయేది.

"లేదండీ. తినేవాళ్ళకి ఎందుకు? గిన్నె చూసి మొహం తిప్పుకునేవాళ్ళకే" అంది. తర్వాత మంచం నంబర్లతో సహా చెప్పుకుంటూ పోయింది. మూడో నంబరు దర్జీ మొదటి నాలుగు రోజులు. పదకొండో నంబరు బాలింతకి వారం. ఆరో నంబరు పూలాయనకి ఒక్కరోజే, మర్నాటి నుంచి ఆయనే పొయ్యమన్నాడు. వింటున్నకొద్దీ నా ఏడు నెలల పని గంగలో కలిసిపోవడం కళ్ళకి కనిపించింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఇక్కడ మనం రాసిన అంకెలు చూసి, మనం ఎప్పుడూ చూడని ఆస్పత్రుల్లో కూడా రోగులకి అలాగే పెడతారు. అంకె తప్పయితే వాళ్ళకి వెళ్ళే తిండీ తప్పవుతుంది" అని నెమ్మదిగా చెప్పింది.

"నేను చూడని వాళ్ళకి కూడానా?" అంది కొసరమ్మ. అంతవరకూ తను చేసింది తప్పని ఆవిడకి అనిపించనే లేదు.

ఆ కోపంలో నేనో పని చేశాను. పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఆస్పత్రి కమిటీ ఏదో ఒకటి తేల్చేదాకా ఆవిడని వడ్డన నుంచి తప్పించి కూరగాయలు తరిగే బల్ల దగ్గర పెట్టమని రాసిచ్చాను. ఉద్యోగం ఎక్కడికీ పోదు. కానీ తరిగే బల్ల వెనక గదిలో ఉంటుంది. అక్కణ్ణించి వార్డు కనబడదు, ఒక్క రోగి మొహం కూడా కనబడదు. ఆవిడకి గరిటె పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. తెలిసే రాశాను. ఆవిడ గరిటె తుడిచి నా చేతికిచ్చింది.

కొత్తగా వడ్డించే మనిషి మహా ఖచ్చితం. గ్రాము అటూ ఇటూ పోదు. గిన్నె పెట్టడం, వెనక్కి తిరగడం. నా కాగితాల్లో ఒక్క గడి కూడా ఎర్రబడలేదు. అయినా వెనక గదిలోంచి ఠకఠకా కత్తి చప్పుడు వినిపించినప్పుడల్లా నా పెన్ను ఆగిపోయేది.

మాస్టారు పూటకి నాలుగైదు చెంచాల దగ్గరే ఆగిపోయాడు. ఆరోరోజున డాక్టరమ్మ, "ఎల్లుండిలోగా సగమైనా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేసి పోద్దాం" అంది. ఆ మాట ఆయనకి చెప్పడానికి నేనే వెళ్ళాను.

ఆయన విన్నాడు. గొట్టం గురించి ఏమీ అనకుండా, "ముందు ఒకావిడ వచ్చేది, ఏదీ?" అని అడిగాడు.

"ఎందుకండీ?"

"ఇచ్చిందే తినలేక ఛస్తుంటే పైన ఇంకో గరిటె పోసింది. తిట్టాను. ఏమందో తెలుసా? 'పైన పోసింది తినేసి కిందది వదిలెయ్యండి మాస్టారూ, అది నాది, లెక్కలోది కాదు' అంది. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పాను, ఇలాంటి తీసివేత ఎక్కడా చూడలేదు." ఆయన నవ్వబోయి కుట్టు పట్టుకున్నాడు. "మీరు పంపేది డోసమ్మా. డోసు చూస్తే జబ్బు గుర్తొస్తుంది. ఆవిడ పోసింది తిండి. ఆ పూట తినలేకపోయాను గానీ, మర్నాడు తిందామనుకున్నాను. మర్నాడు ఆవిడ రాలేదు."

నేను మెట్లు దిగుతూ ఏడ్చాను. కోపం ముక్కు మీద ఉన్నవాళ్ళకి కన్నీళ్ళూ అక్కడికి దగ్గర్లోనే ఉంటాయి కాబోలు.

కమిటీ మర్నాడు తీర్పు చెప్పింది. జరిగింది దాచకుండా రాయాలి. నలభై ఒక్క మంది లెక్కా పక్కన పెట్టాలి. మొదటి రోగి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. పరిశోధన గిన్నెల్లో తూకానికి మించి ఏదీ వెయ్యనని మాటిస్తే వడ్డించిన మనిషిని వెనక్కి తీసుకోవచ్చు. నా ఏడు నెలలు పోయాయి. చిత్రంగా, నాకు ఆ చివరి వాక్యమొక్కటే కనిపించింది. ఎగురుకుంటూ వెనక గదికి పరిగెత్తాను. వెనకే డాక్టరమ్మ కూడా వచ్చింది. ఆవిడ వంటింట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

కొసరమ్మ బీన్స్ తరుగుతోంది. అంతా విని కత్తి పక్కన పెట్టింది.

"ఒక్క మాటివ్వండక్కా, చాలు" అన్నాను.

ఆవిడ తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "ఇవ్వలేను తల్లీ. ఇస్తాను గానీ, ఎవరైనా మొహం తిప్పుకున్నారంటే ఈ చెయ్యి నా మాట వినదు. మళ్ళీ మీ లెక్క పాడైపోతుంది. ఎక్కడో నేను చూడని వాళ్ళ కడుపు మాడుతుంది. వద్దులెండి. నేనిక్కడే తరుగుతాను." మళ్ళీ కత్తి అందుకుంది.

డాక్టరమ్మ బల్ల మీద ఉన్న బీన్స్ ముక్క ఒకటి నోట్లో వేసుకుని, పచ్చిదని గ్రహించి మొహం చిట్లించింది.

"మీ చెయ్యి మార్చక్కర్లేదు" అంది చివరికి. "తపేలాని తూద్దాం. ప్రతి మంచం ముందూ, తర్వాతా. బండి మీదే ఇంకో యంత్రం పెడదాం. మీరెంత పోశారో అది చెబుతుంది, మీరు చూడనే అక్కర్లేదు. రెండు గుంపులకీ మీరే వడ్డించాలి. కమిటీకి నేను రాస్తాను."

"అప్పుడది కొలతలో పడిపోదూ?" అంది కొసరమ్మ అనుమానంగా.

"పోసిన తర్వాత తూస్తాంగా అక్కా" అన్నాను. "మీకు కొసరే. మాకు కొలత."

ఆవిడ చీరకొంగుతో కళ్ళు తుడుచుకుని, "తపేలా బరువు సరిగ్గా చూసుకోండి మరి. అడుగున సొట్ట ఉంది" అని లేచింది.

కమిటీ కొత్త పద్ధతికి ఒప్పుకునేదాకా పరిశోధన ఆగింది. పాత లెక్కలన్నీ పక్కన పెట్టేశాక మాస్టారు ఇప్పుడు ఏ గుంపులోనూ లేడు కాబట్టి ఆయనకి ఎవరు వడ్డించినా అడిగేవాళ్ళు లేరు. ఆ మధ్యాహ్నమే బండి కదిలింది. నేనూ వెనకే నడిచాను. అన్నాళ్ళ ఉద్యోగంలో తిండి వెంట వార్డు దాకా వెళ్ళడం నాకూ అదే మొదటిసారి. మంచం మంచం దగ్గరా ఆవిడ ఆగింది, పలకరించింది, పోసింది. ఎవరినో మందలించింది, ఎవరితోనో పరాచికాలాడింది.

తొమ్మిదో నంబరు దగ్గరికి రాగానే మాస్టారు ఇటు తిరిగాడు. రెండు చేతులూ మంచం మీద ఆనించి తనంతట తనే లేచి కూర్చోబోయాడు.

"ఏవమ్మా, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు? తొందరగా పొయ్యి" అన్నాడు. "ఆకలేస్తోంది."

ఆపరేషనైన రోజు నుంచి మేమంతా ఎదురుచూసిన మాట అది. నా కాగితంలో ఆ మాట రాయడానికి గడి లేదు. పెన్ను తీసి, పక్కన ఖాళీలో, పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.