డాక్టర్ పంకజమ్మ రాయనన్న మాట

మొన్న చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం వెళ్తుంటే, శిడ్లఘట్ట దగ్గర బస్సు కిటికీలోంచి పట్టుగూళ్ళు ఉడికే వాసన గుప్పుమంది. పక్క సీట్లో ఉన్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ వాసన తగిలితే నాకు గుర్తొచ్చేది పట్టు కాదు, డాక్టర్ పంకజమ్మ. కళ్ళు తిరిగి, వాంతులతో తూలుతూ వచ్చేవాళ్ళను చూడడానికి ఆ మహాతల్లి చిక్కబళ్ళాపురమంతా గాలించి, పట్టు తీసే కొట్టం వెనకాలే గది తీసుకుంది. గూళ్ళు ఉడికే ఆవిరి నేరుగా రోగుల బెంచీ మీదికే వచ్చేది. ఇదేం చోటమ్మా అని ఒకసారి అడిగాను. "వాసనకు ఎవరికి తల తిరుగుతాదో నాకు ఈడనే తెలుస్తాది గదా" అంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళను నేను చూడలేదు.

ఎనభైల మొదట్లో నేను చింతామణి టెలిఫోన్ ఎక్స్చేంజిలో కొత్తగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఎదురుగా బోర్డు, దాని నిండా రంధ్రాలు, చేతిలో తీగలు. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా మేమే కలపాలి. ఉన్నట్టుండి ఆ బోర్డు రోట్లో పొత్రంలా తిరగడం మొదలుపెట్టేది. బట్లహళ్ళి నుంచి వచ్చిన కాల్‌ను బెంగుళూరుకు కలపబోయి ఎక్కడో గుచ్చేదాన్ని. ఒకరోజు కుర్చీలోంచి కిందికి జారిపోయాను. మా సూపర్‌వైజరు కన్నడాయన, చెడ్డవాడేం కాదు. కానీ ఊళ్ళో పెద్ద వ్యాపారి ట్రంక్ కాల్ తెగిపోయేసరికి ఆయన మీద ఫిర్యాదు వెళ్ళింది. "జబ్బు నయమైందని డాక్టరుతో రాయించుకురా. లేకపోతే ఖాయం చేయించలేను" అన్నాడు. ఆ ఉద్యోగం పోతే నాకు మిగిలేది మా అన్న కిరాణా అంగడిలో కూర్చుని జీవితాంతం చింతపండు పొట్లాలు కట్టడం. మా అమ్మ నిమ్మకాయలతో దిష్టి తీసింది, పైత్యమని జీలకర్ర కషాయం తాగించింది. చివరికి ఎవరో పంకజమ్మ పేరు చెప్పారు.

ఆమెది బాగేపల్లి. తండ్రి గుడిలో అర్చకుడు. ఆమె బెంగుళూరులో డాక్టరీ చదివి తిరిగొచ్చింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది, ఓర్పు తక్కువ, ప్రశ్నలు మాత్రం తెగవు. "గది తిరుగుతాందా, నువ్వు తిరుగుతాండావా?" అని అడిగింది. రెండూ అన్నాను. "రెండూ అంటే కుదర్దు. కండ్లు మూసుకోని చెప్పు." వెలుతురు పడదా, అన్నం ఆలస్యమైతే వస్తుందా, ముట్టుకు ముందా తర్వాతా అంటూ బెంచీ మీద అంతమంది వింటుండగానే అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. అంతా విని, "నీది ఒంటి తలనొప్పి జబ్బే, మైగ్రేను అంటారే అది. కొందరికి నొప్పిగా వస్తాది, కొందరికి ఇట్ల తిరుగుడుగా వస్తాది. దయ్యమూ కాదు, నాటకమూ కాదు" అంది. నాటకం కాదు అని అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాటకే ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది.

ఆ భక్తి ఎంతోసేపు నిలవలేదు. బెంగుళూరులో ఆమె గురువుగారు ఒక పరీక్ష నడుపుతున్నారట. ఒంటి తలనొప్పి రాకుండా ఇచ్చే మాత్ర ఈ తల తిరుగుడును కూడా ఆపుతుందా లేదా అని. సగంమందికి అసలు మందు, సగంమందికి అచ్చం అలాగే కనిపించే పిండి మాత్ర. సీసాల మీద అంకెలు తప్ప ఏమీ ఉండవు. ఎవరికి ఏది వచ్చిందో రోగికీ తెలియదు, పంకజమ్మకూ తెలియదు. ఇష్టముంటేనే చేరమంది.

"నా ఉద్యోగం పోయేలా ఉంటే మీరు పిండి పెడతారా?" అన్నాను.

"పెడతానో లేదో నాకే తెలీదమ్మా. తెలిస్తే నీ మొగం చూసి మందు ఇచ్చేస్తా. అప్పుడు ఆ మందు పనిచేస్తాదో లేదో ఎవురికీ ఎప్పటికీ తెలీకుండా పోతాది."

తల ప్రాణం తోకకొచ్చింది. అయినా చేరాను. వేరే దారి లేదు. అదే జబ్బున్న మా సుశీల వదిన కూడా నాతోపాటు చేరింది. ఇద్దరం చెరో సీసా తెచ్చుకుని, రాత్రి భోజనం కాగానే ఒక్కో మాత్ర మింగేవాళ్ళం. మూడో నెలకల్లా ఇద్దరికీ తిరుగుడు బాగా తగ్గింది. బోర్డు నిలకడగా నిలబడింది. ఇక సర్టిఫికెట్ వచ్చినట్టేనని సంబరంగా అమ్మనూ వదిననూ వెంటబెట్టుకుని చిక్కబళ్ళాపురం వెళ్ళాను.

అక్కడ మా అమ్మ నోరు విప్పింది. "మీరిచ్చిండే మాత్రలు రెండు సీసాలవీ ఒగే డబ్బాలో పోసి కలిపేసినానమ్మా. దినామూ నా చేత్తోనే ఇద్దరికీ తీసిస్తాండా" అంది గర్వంగా.

పంకజమ్మ కలం కింద పెట్టింది. "యాల కలిపితివమ్మా?"

"కూతురికి మందు పడి, కోడలికి పిండి పడిందనుకో. రేపు మా వియ్యంకులు ఏమంటారు? అత్త కూతురిని బాగు చేసుకోని కోడలికి పిండి పెట్టిందని వాళ్ళ ఊరు దిబ్బూరహళ్ళి అంతా చెప్పుకోరా? మా ఇంట్లో పండగ చీరలు కూడా ఇద్దరికీ ఒగే రకం తెస్తాము. పక్షపాతం మా ఇంటా వంటా లేదు."

పంకజమ్మ తల పట్టుకుంది. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. నవ్వు ఆగాక మా ఇద్దరి పేర్లూ పరీక్షలోంచి కొట్టేసింది. ఇన్ని నెలల లెక్క మీ అమ్మ న్యాయబుద్ధికి బలైపోయింది పో అంది.

పోతే పోనీ, నా సర్టిఫికెట్ నాకివ్వమన్నాను.

"ఇప్పుడు బాగుండాదని రాసిస్తా. నయమైపోయింది, ఇంక రాదు అని మాత్రం రాసేకి నాకు చేతులు రావు. అది నాకు తెలీదు."

ఒక్క మాట రాస్తే మీ సొమ్మేం పోతుందని అమ్మ బతిమాలింది. నేను బతిమాలలేదు, అరిచాను. మీకు మీ పరీక్ష ముఖ్యం, మా బతుకులు కాదు అన్నాను. ఆ కొట్టం కంపు, ఆ బెంచీ, ఆ ప్రశ్నలు, అన్నీ కలిసి అంతదాకా తెచ్చాయి. ఆమె "మీ ఆఫీసు ఎప్పుడు తెరుస్తారు?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్నే బస్సు దిగి, చెదిరిన జుట్టుతో ఎక్స్చేంజిలోకి వచ్చేసింది. మా సూపర్‌వైజరుతో కన్నడంలో మాట్లాడింది. అమ్మాయిది ఫలానా జబ్బు, మళ్ళీ వస్తుంది, ఎప్పుడో చెప్పలేను, వచ్చినప్పుడు పక్క సీటు అమ్మాయి ఈమె తీగలు అందుకోవాలి, ఈమె బల్ల మీద తల వాల్చుకుంటే కొంతసేపటికి అదే పోతుంది అంది. నేను గుమ్మం దగ్గర నిలబడి నా కొంప ముంచుతోందని పళ్ళు నూరుకున్నాను. నయమైందని అడిగితే, మళ్ళీ వస్తుందని చెప్పడానికి బస్సెక్కి మరీ వచ్చే డాక్టరు లోకంలో ఇంకెవరైనా ఉంటారా?

సూపర్‌వైజరు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి ఖాయం చేయించలేదు, తీసెయ్యనూ లేదు. ఇంకో ఆరు నెలలు చూద్దామన్నాడు.

ఆ ఆరు నెలల్లోపే వచ్చింది. సంత రోజు, బోర్డు నిండా కాల్స్. మొత్తం గిర్రున తిరిగింది. పక్క సీటు జయలక్ష్మి ఒక్క మాట అడక్కుండా నా తీగలు లాక్కుంది. నేను బల్ల మీద తల వాల్చాను. సూపర్‌వైజరు వచ్చి చూసి, నీళ్ళు పెట్టించి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఒక్క కాల్ కూడా తెగలేదు. ఆ ఏడాదే నన్ను ఖాయం చేశారు. నయమైందని రాసిన కాగితం ఆయన చేతిలో ఉండి ఉంటే, నేను అబద్ధాలకోరునై ఆ రోజే ఇంటికి వెళ్ళేదాన్ని. ఇది అర్థమైన రోజు ఆమె మీద కోపం పోలేదు. ఇంత చిన్న విషయం ముందే విప్పి చెప్పొచ్చు కదా అని ఇంకాస్త పెరిగింది.

తర్వాత ఎప్పుడో పరీక్ష ఏమైందని అడిగాను. మందు తిన్నవాళ్ళకూ పిండి తిన్నవాళ్ళకూ దాదాపు ఒకేలా తగ్గిందట. అంత తిరిగి, అంత మందిని వేధించి ఇదా అన్నాను. "తేడా కనపల్యా. కనపల్యా అనే రాసిచ్చినా" అంది తాపీగా.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నాకు తల తిరుగుడు ఇప్పటికీ వస్తుంది. పెళ్ళిళ్ళలో, ఫంక్షన్లలో గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటే, చుట్టాలు చుట్టూ చేరి "ఇన్నేండ్లయినా నీకు నయం కాలేదా?" అంటారు. లేదు అంటాను. ఆ మాట తల దించుకోకుండా చెప్పగలగడం ఆమె నాకిచ్చిన మందు.