వెళ్ళొస్తానన్నారు రూతమ్మ గారు

బత్తాయి తొక్కలో గోరు దిగగానే సన్నటి తుంపర ఎగిరి కళ్ళు చుర్రుమంటాయి చూడండి, ఆ వాసన నన్ను నిలబెట్టేసింది. ఇందాక పటమటలో బండి దగ్గర అరడజనుకి బేరమాడుతుంటే, తియ్యగా ఉన్నాయో లేదో మీరే చూడండని బండివాడు ఒకటి ఒలిచి ఇచ్చాడు. అంతే, అరవై దాటిన నా వయసంతా ఎటో పోయింది. పద్దెనిమిదేళ్ళ పిల్లనై, ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో అమ్మ మంచం పక్కన నిలబడి ఉన్నాను. ఎదురుగా ముక్కాలిపీట మీద రూతమ్మ గారు.

డెబ్భైల్లో మాట. మాది కంకిపాడు దగ్గర పల్లె, వరి తప్ప వేరే లోకం తెలియని ఇల్లు. అమ్మకి కడుపులో కేన్సరని, ముదిరిపోయిందని, ఇక చేసేదేం లేదని బెజవాడలో డాక్టరు చెప్పినప్పుడు విన్నది నాన్న, నేను. నాన్న వరండాలోనే నాచేత ఒట్టు వేయించుకున్నాడు. "మీ అమ్మకి పుండని, మందులకి తగ్గిపోద్దని చెప్పు. నీ మొహంలో తేడా కనిపించిందో, చంపేస్తా" అన్నాడు. అంటూనే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచీ అమ్మ ఏదన్నా చెప్పబోతే చాలు, "ఏం కాదు, ఊరుకో" అని నోరు మూసేసేవాడు. అమ్మ ఏదో చెప్పాలనుకుంటోంది. అది చెప్పకుండానే పోతుందేమోనని నాకు అన్నం సహించేది కాదు.

రూతమ్మ గారి ఉద్యోగం పేరు సోషల్ వర్కర్. అదేమిటో వార్డులో ఒక్కళ్ళకీ తెలియదు. సూది వెయ్యరు, మందివ్వరు. గుణదల నుంచి రోజూ వచ్చి, చంకలో ముక్కాలిపీట పెట్టుకుని మంచం మంచానికీ తిరుగుతారు. డాక్టర్లు నిలబడి మాట్లాడతారు, చూడ్డానికొచ్చిన చుట్టాలూ నిలబడే మాట్లాడతారు, ఈవిడొక్కరే కూర్చుంటారు. ఆ పీట ఎవరి దగ్గర ఆగితే వాళ్ళకి మూడినట్టేనని వార్డంతా గుసగుస. వెనకాల పీటమ్మ అని పేరు కూడా పెట్టారు. ఒక పొద్దున అది మా మంచం దగ్గర ఆగింది.

నాన్న లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీ ప్రార్థనలు మాకొద్దండీ. మా దేవుళ్ళు మాకున్నారు."

"దేవుళ్ళ సంగతి దేవుళ్ళు చూసుకుంటారు లెండి. నేను బత్తాయిలు ఒలవడానికొచ్చా" అన్నారావిడ. మా బుట్టలోంచే ఒకటి తీసుకుని, ఇంకొకటి నాన్న చేతిలో పెట్టారు. పగ్గాలు పట్టిన చేతులాయె, తొక్కతో పాటు తొనలూ చిదిమేసి చొక్కా అంతా రసం చేసుకున్నాడు. అమ్మ కిసుక్కున నవ్వింది. నెల్లాళ్ళ తర్వాత అదే మొదటి నవ్వు.

మర్నాడు వేణ్ణీళ్ళు పట్టుకుని వస్తుంటే తెర వెనక అమ్మ రూతమ్మ గారితో అంటున్నది వినిపించింది. "నా సంగతి నాకు తెలుసమ్మా. మా ఆయనకి మాత్రం చెప్పకండి. పైకి గట్టిగా కనిపిస్తారు గానీ, ఉత్త పిరికి. తట్టుకోలేరు." సాయంత్రం వరండాలో నాన్న అదే మనిషిని బతిమాలుకుంటున్నాడు. "దానికి తెలిసిందంటే రేపటికుండదండీ. మీకు పుణ్యముంటది, చెప్పకండి." నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మెట్ల దగ్గర ఆవిణ్ణి పట్టుకుని దాదాపు పోట్లాడాను. "ఇద్దరికీ తెలుసు కదండీ! మీరొక్క మాట చెప్పేస్తే అయిపోద్ది కదా!"

"నేను చెబితే అది నా మాటవుద్ది అమ్మాయ్. వాళ్ళ మాట వాళ్ళే చెప్పుకోవాలి" అని, చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది.

తెల్లారి వచ్చి, నాన్నని తన పీట మీద కూర్చోబెట్టారు. ఒళ్ళో బత్తాయిల బుట్ట పెట్టారు. "ఒక్క సాయం చెయ్యండి. ఇవాళ ఆవిడ ఏమన్నా సరే, 'ఏం కాదు' అని మాత్రం అనకండి. ఏమనాలో తోచకపోతే బత్తాయి ఒలవండి" అన్నారు. నన్ను రెక్క పట్టుకుని బయటికి తీసుకుపోయారు. గంటసేపు మెట్ల మీద కూర్చున్నాం. "ఏం మాట్లాడుకుంటున్నారో" అని నేను గింజుకుంటే, "అది మనది కాదు" అన్నారంతే.

తిరిగొచ్చేసరికి బుట్టలో ఒలవని కాయ ఒక్కటీ మిగల్లేదు. అన్నీ ఒలిచి ఉన్నాయి, ఒక్కటీ తిన్నట్టు లేదు. నాన్న తువ్వాలు తడిసిపోయి ఉంది. "ఇంటికెళ్దామంటున్నారే మీ నాన్న" అంది అమ్మ. ఆ మొహంలో అంత నెమ్మది నేనెన్నడూ చూడలేదు. ఒక్క మందు వాడకుండా, ఒక్క రహస్యం బయటపెట్టకుండా, ఈవిడ ఇంత పని ఎలా చేశారా అని నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఇప్పటికీ నాకది ఆశ్చర్యమే.

నెలన్నర ఇంట్లో ఉండి అమ్మ పోయింది. రెండో రోజు రూతమ్మ గారు బస్సెక్కి వచ్చారు. నా పక్కన నేల మీద చాలాసేపు కూర్చున్నారు. లేచేటప్పుడు, అందరూ వినేట్టు, "వెళ్ళొస్తానండీ" అన్నారు. చావింట్లో ఆ మాట ఎవరంటారు? చెప్పకుండా లేచి పోవడమే కదా. మా మేనత్త గయ్యిమంది. "హవ్వ! చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా? ఇంకో చావు చూడ్డానికొస్తావా మా ఇంటికి?"

"తెలుసండీ. మా ఇళ్ళల్లోనూ అనరు. కానీ అందరూ చెప్పకుండానే వెళ్ళిపోతే, మళ్ళీ ఎవరన్నా వస్తారని ఈ పిల్లకి ఎట్టా తెలుస్తుందండీ?"

నిజంగానే వచ్చారు. పెద్దకర్మ అయిపోయి, చుట్టాలు సర్దుకుని, ఇల్లు బావురుమంటున్నప్పుడు బత్తాయిల సంచీతో దిగారు. ఆ పూట మేనత్త నాన్నని కూర్చోబెట్టి చెబుతోంది, ఏడాది తిరక్కుండా నా పెళ్ళి చేసేస్తే ఆ పుణ్యం అమ్మకి చేరుద్దని, సంబంధం కూడా సిద్ధంగా ఉందని. రూతమ్మ గారు నాన్న చేతికి ఒక కాయ ఇచ్చారు. నాన్న మెల్లిగా, తొన చితక్కుండా ఒలిచాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "అక్కా, పెళ్ళి మాట ఇప్పుడొద్దు. పిల్ల చదువు మాన్పించొద్దని అది అడిగింది. ఆ రోజు నేను ఏం కాదు అనలేదు. సరేనన్నాను."

ఆ గంటలో ఏం జరిగిందో నాకు అప్పుడు తెలిసింది. బావురుమని ఏడ్చాను.

చదువుకున్నాను. ఆవిడ దగ్గరే అదే పనిలో చేరాను. కూర్చోబెట్టి పాఠాలు చెప్పింది లేదు గానీ, తిట్లు బాగానే తిన్నాను. ఒకసారి ఒక తల్లితో "మీ బాధ నాకు అర్థమైందమ్మా" అన్నానని పక్కకి లాగి, "ఎట్టా అర్థమైందే నీకు? ఆవిడింకా నోరే తెరవలేదు" అని దులిపేశారు.

పోయిన వారం రూతమ్మ గారు పోయారు. గుణదలలో ఆ చిన్న ఇంట్లో ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే చెప్పకుండా లేచి వెళ్ళిపోతున్నారు. ఆవిడ చెల్లెలు సలోమమ్మ గారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఇక ఆ ఇంట్లో ఆవిడొక్కరే. నేను లేచాను. ఎన్నో ఇళ్ళల్లో అలవోకగా అనేసిన మాటే. ఆవిడ ఎదురుగా నిలబడి, అందరూ వినేట్టు అన్నాను, "వెళ్ళొస్తానండీ."

గుమ్మం దగ్గర ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. సలోమమ్మ గారు తలెత్తారు. "ఎప్పుడొస్తావమ్మా?" అని అడిగారు.

"బుధవారం" అన్నాను.

ఇవాళ బుధవారం. బండివాడు కొసరు ఒకటి వేశాడు. సంచీ ఒళ్ళో పెట్టుకుని గుణదల ఆటో ఎక్కాను.