తంగేడు రంగు పట్టిన కాలు

మొన్న ఆదివారం మా మనవరాలు, కావలిలో ఫిజిక్సు చదువుతున్న పిల్ల, నా మంచం మీదికి చేరి సెల్లులో ఒక వీడియో చూపించింది. టార్చిలైటంత పరికరం ఒకటి. దాన్ని కాలిన గాయం మీది కట్టుకు కాస్త ఎడంగా పట్టుకుంటే, కట్టు విప్పకుండానే లోపల చర్మం ఎంత లోతు కాలిందో చెప్పేస్తుందట. టెరాహెర్ట్జ్ తరంగాలట, ఆ పేరు పలకడానికే నా నోరు తిరగలేదు. సెల్‌ఫోను తరంగాలకూ కంటికి కనపడే వెలుతురుకూ నడుమ ఉంటాయట, గుడ్డలోంచి దూరిపోతాయట, నీళ్ళ దగ్గర మాత్రం ఆగిపోతాయట. అందుకని రంగుతో పని లేకుండా, చర్మంలో తడి ఎంత ఉందో చూసి గాయం సంగతి పట్టేస్తాయట. విమానాశ్రయాల్లో బట్టల చాటున దాచినవి కనిపెట్టడానికీ, రాబోయే ఫోన్లకూ కూడా ఇవేనని పిల్ల ఉత్సాహంగా చెప్పుకుపోతోంది గానీ, నేను "కట్టు విప్పకుండా" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. లేచి వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు నిలబడి ఏడ్చాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నైలాను రాకముందు మా జువ్వలదిన్నె వైపు వలలన్నీ నూలువే. ఉప్పునీటికి కుళ్ళిపోకుండా వాటిని తంగేడు చెక్క వేసి మరగకాచిన నీళ్ళలో ముంచి, ఇసుకలో ఆరబెట్టేవారు. ఆ పని పెట్టుకున్న రోజు పల్లెంతా సందడే. పెద్ద పెద్ద అండాల కింద సరుగుడు కట్టెలు మండుతుంటే గాలంతా వగరు వాసన. మా నాన్న చేతులకు మోచేతుల దాకా ఇటుకరంగు పట్టి, ఎంత రుద్దినా పోయేది కాదు. ఆ చేతులతోనే అన్నం కలిపి మాకు ముద్దలు పెట్టేవాడు, ఆ రుచి నా నాలుక మీద ఇప్పటికీ ఉంది. ఎక్కడికో పోతున్నాను. అలాంటి ఒక రోజున అండా ఒరిగి ఆ మరిగే నీళ్ళు మా తమ్ముడి మీద పడ్డాయి. ఇంకా బడిమొహం చూడని పిల్లవాడు. కుడికాలు తొడ నుంచి మడమ దాకా కాలిపోయింది.

నెల్లూరు ఆసుపత్రిలో చేర్చాం. కాలిన లోతును డాక్టర్లు ముఖ్యంగా రంగు చూసే పోల్చుకునేవారు. మా వాడి కాలు మొత్తం తంగేడు రంగే, ఎంత కడిగినా వదలక అసలు చర్మాన్ని కనపడనివ్వని రంగు. పైపైన కాలి ఉంటే దానంతటదే మానుతుంది, లోతుగా కాలి ఉంటే వెంటనే మద్రాసు తీసుకుపోయి వేరేచోటి చర్మం తెచ్చి అతికించాలి, ఆలస్యమైతే మోకాలు ముడుచుకుపోతుంది. ఈ రెంటిలో ఏదో తేల్చడానికి రోజూ కట్టు విప్పి చూడటం తప్ప ఆ మంచి డాక్టరుగారికి వేరే దారి లేకపోయింది.

గాజుగుడ్డ పుండుకు అంటుకుపోయేది. దాన్ని తడిపి, లాగి, మళ్ళీ తడిపి లాగేవారు. అయ్యో, ఆ అరుపులు! మా అమ్మ వరండాలో గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, రెండు చేతులతో చెవులు మూసుకునేది. ఒకరోజు ఇక తట్టుకోలేక పోయి డాక్టరుగారి కాళ్ళ మీద పడింది.

"తీయొద్దు సామీ! నా బిడ్డ చచ్చిపోతా ఉండాడు సామీ!"

"తీయకపోతే నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నారాయన, అమ్మను లేవదీస్తూ.

మర్నాటి నుంచి అమ్మ బిడ్డ మీద అడ్డంగా పడుకుని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నాన్న కూడా ఆమె పక్షమే నిలబడ్డాడు. కట్టు విప్పని ఆ కాసిని రోజులూ తమ్ముడు నవ్వాడు, బొరుగులు తిన్నాడు, ఇంటికెప్పుడు పోదామని అడిగాడు. మానిపోతోందనే మేమంతా నమ్మాం. వాసన వచ్చాక విప్పితే లోపలంతా చీము. మద్రాసు పరుగెత్తాం, ప్రాణం దక్కింది, మోకాలు మాత్రం మళ్ళీ చాపుకోలేదు. అమ్మ చేసింది తప్పే కావచ్చు, ఆ అరుపులు విన్న నేను మాత్రం ఆమెను తప్పుపట్టలేను.

తమ్ముడు సముద్రం మీదికి పోలేదు, ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేస్తూ బతికాడు. ఆ నొప్పి వాడికి గుర్తే లేదట. అమ్మకు మాత్రం చచ్చేదాకా గుర్తుంది. ఆసుపత్రిలో కట్టు విప్పిన ఆ పొద్దుటి వేళకు, ఇంట్లో ఏ పనిలో ఉన్నా వదిలేసి రెండు చెవులూ మూసుకునేది.

పిల్ల పక్కన ఉండగానే ఈ వీడియో సంగతి తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. "నెల్లూరికి వచ్చిందా అక్కా ఆ మిషను?" అని అడిగాడు. మనవరాలి వంక చూస్తే తల అడ్డంగా ఊపింది. ఇంకా ప్రయోగశాలల్లోనే ఉందట, జంతువుల గాయాల మీద పరీక్షిస్తున్నారట. నూలు వలలు పోయాయి, అండాలు పోయాయి, ఆ వగరు వాసన ఎలా ఉంటుందో చెప్పినా ఈ పిల్లలకు అర్థం కాదు. ఇన్ని మారినా, ఏదో ఆసుపత్రి వరండాలో ఈ పొద్దున కూడా ఒక తల్లి చెవులు మూసుకునే ఉంటుంది. ఇంకా రాలేదురా అని చెప్పాను.

"అయితే బిరీన రమ్మని చెప్పక్కా. పిల్లోళ్ళు కాలతానే ఉంటారు గదా" అన్నాడు.

ఎవరికి చెప్పాలో తెలియక, మీకు చెబుతున్నాను.