మెరిసిన కత్తి, తెగని జుట్టు

ఒక మనిషి బతుకుతెరువును పావుగంటలో పాడుచేయడం ఎలాగో నాకు తెలుసు. గొప్ప చెప్పుకోవడం లేదు. మీకు నవ్వొస్తే నవ్వండి, నాకు మాత్రం నవ్వు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. తిరుపతిలో మా మామకు కత్తులకు మెరుగుపెట్టే అంగడి ఉండేది. కాలితో తొక్కితే తిరిగే చక్రాలు రెండు: గరుకు నారది ఒకటి, మెత్తటి గుడ్డది ఒకటి. వాటికి పూసే మైనపు బిళ్ళలూ రెండే. నల్లది ఇనుమును కొరుకుతుంది, ఎర్రది మెరుపునిస్తుంది. నాకు ఇరవై ఏళ్లు. పనిలో చేరి నెల తిరగలేదు గానీ, మామకే నేర్పగలనన్న ధీమా.

ఆ పొద్దున మామ చిత్తూరు పోతూ చెప్పాడు.

"మునస్వామన్న గుండ్లు గొరిగే కత్తి తెస్తాడు. అంచు పలచన. గుడ్డ చక్రం, ఎర్ర బిళ్ళ, అంతే. నల్లదాని జోలికి పోవాకు."

"నాకు తెలీదా మామా."

"తెలీదనే చెప్తా ఉండా."

మునస్వామి యాత్రికులకు గుండ్లు గొరిగి బతికే ముసలాయన. కత్తిని రెండు చేతులతో ఇచ్చాడు.

"ఇంగ్లీషోళ్ల సీమ కత్తి అబ్బయ్యా. యుద్ధమొచ్చినాక ఇంకోటి కొందామంటే యాడా దొరకడం లేదు. ఈ తుప్పు మచ్చ ఒకటి తీసియ్యి సాలు."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. నేను ఎర్ర బిళ్ళతో తొక్కాను, తొక్కాను. మచ్చ అత్తగారిలా కదల్లేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త పనివాడు బిళ్ళ ఎరగడు. నార చక్రానికి నల్లది దట్టంగా పూసి, మొండి దూడను అదిమినట్టు కత్తిని అదిమాను. మచ్చ పోయింది. అంచు నెమలి మెడలా నీలం తిరిగింది. ఎంత బాగుందో అనుకున్నాను. మళ్ళీ గుడ్డ చక్రం మీద పెడితే అద్దమైంది. అందులో చూసి తల దువ్వుకున్నాను కూడా.

"మొగం కనిపిస్తా ఉండాది," అని మురిసిపోయాడు మునస్వామి. "తెగుతాదేమో సూద్దాం. నువ్వే కూర్చో."

కూర్చున్నాను. నాలుగు గీతల దాకా తెగింది. ఆ తర్వాత కోయడం మాని పీకడం మొదలుపెట్టింది. సగం తల అయ్యేసరికి నా కళ్ళు ధారలు కట్టాయి. ఆయన ఆపి, అంచును గోటి మీద పెట్టి చూశాడు.

"నీలం పారిందా?"

"కొంచెం. చూడ్డానికి బాగుంటే..."



"రాపిడి ఉడుక్కి పదును చచ్చిపోయింది అబ్బయ్యా. ఇంక ఎంత నూరినా నిలవదు."

కత్తిని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. పక్షం రోజుల తర్వాత పలమనేరులో కూతురింట ఆవులు మేపడానికి పోయాడని మామ చెప్పాడు. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

కత్తి పాడైన ఆ పూట మాత్రం, తలకు తువ్వాలు చుట్టుకుని, వీధి చివర ఇంకొక క్షురకుడి ముందు కూర్చున్నాను. తువ్వాలు తీయగానే ఆయన నోరు తెరిచాడు.

"ఎవురప్పా ఇట్లా సెడగొట్టినాడు?"

"గొరిగింది మునస్వామన్న. కత్తిని సెడగొట్టింది నేను."

ఆయన తన కత్తుల పొదిని నాకు అందనంత దూరం జరిపాడు.

మిగిలిన సగం గొరిగించుకుంటూ, వంచిన తల వంచినట్టే ప్రమాణం చేశాను: ఏ తుప్పు మచ్చ నన్నెంత వెక్కిరించినా, పలచటి కత్తికి నల్ల బిళ్ళ చూపించను గాక చూపించను.